గలగలకి ఆరు వందల పది

దులూత్‌లో జనవరి. తెల్లవారుజాము ఐదూ నలభై.
సున్నాకి దిగువన ఇరవై రెండు.
కారు ముక్కులోంచి వేలాడే వైరుని
రాత్రి గోడకి గుచ్చడం మరిచిపోయాను.
తాళం తిప్పితే
ముందు ఒక మూలుగు,
ఇంకో మూలుగు,
ఆ తర్వాత ఇదీ అని చెప్పలేని చప్పుడు.
రెండు సెకన్లు. అంతే.
ఏమీ ఎరగనట్టు ఇంజను నడిచింది.

ల్యాబ్‌లో నెత్తురు గొట్టాల మీద పేర్లు అంటిస్తూ
రోజంతా ఆ రెండు సెకన్లే విన్నాను.

ఆర్వో కివేలా షెడ్డు కొండ దిగువన, పట్టాల పక్కన.
సరస్సు గడ్డకట్టి ఓడలు రావు గనక
ఆ వైపంతా చెవులు మూసుకున్నట్టుంది.
"ఇప్పుడు చూసి ఏం లాభం?" అన్నాడు.
"వేడి మీదున్న ఇంజను అబద్ధమాడుతుంది.
రాత్రికి బయటే వదిలెయ్. పొద్దున్నే రా."

పొద్దున్న అతని చేతిలో
చెక్కపిడి స్క్రూడ్రైవరు, మూరెడు పొడుగు.
మొన ఇంజను మీద, పిడి చెవి వెనక ఎముక మీద.
తిప్పాను.
చప్పుడు వచ్చింది, పోయింది.
అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.
"వచ్చిందా?" అన్నాడు.

నలభై మూడేళ్ళ సుత్తి దెబ్బలు
పై స్వరాలన్నీ తినేశాయట.
ధన్ అంటే అరచేతికి తెలుస్తుంది.
సన్నవి మాత్రం మంచు మీద పిల్లి నడకే.
"నువ్వు చెప్పు. ఎలా మోగింది?"

నాకొచ్చిన ఇంగ్లీషులో చప్పుళ్ళకి నాలుగే మాటలు.
నాలుగూ చెప్పాను.
నాలుగింటికీ తల అడ్డంగా ఊపాడు.
సిగ్గు విడిచి, మఫ్లర్ కిందికి లాగి
(కారుది కాదు, నాది)
"గలగల" అన్నాను.
"మళ్ళీ."
"గలగలగల. డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు."

చింతగింజలు అతనికేం తెలుసు?
అయినా కళ్ళు వెలిగాయి. "గొలుసు" అన్నాడు.
"రాత్రంతా నూనె కిందికి జారిపోతుంది.
టెన్షనర్‌కి మళ్ళీ అందేదాకా
గొలుసు వదులుగా కొట్టుకుంటుంది. ఇంకా?"

ఇంకానా. అడగాలే గాని.
కీచుమని బెల్టు, రెండు నిమిషాల్లో ఊరుకునేది.
బుస్సుమని పొగగొట్టం అతుకులో ఎక్కడో సందు,
ఇనుము వేడికి ఉబ్బి తనే పూడ్చుకునేది.
పైన టకటక,
కాదు, టకటక కూడా కాదు, టిక్కుటిక్కు,
పక్కగదిలో గడియారం.
మా భాషలో చప్పుడు ఒకసారి మోగి ఊరుకోదు,
రెండోసారి మోగి తీరుతుంది.
ఈ కారూ అలాంటిదే.

అతను రెండు పిడికిళ్ళు కిందికీ పైకీ ఆడించి
కనుబొమ్మలు ఎగరేశాడు.
దడదడా? లేదన్నాను.
ఫిన్నిష్‌లో ఏదో అన్నాడు,
అమ్మయ్య అనే అయ్యుండాలి.

"వేడెక్కితే తగ్గేది వయసు," చేతులు తుడుచుకుంటూ అన్నాడు,
"వేడెక్కితే పెరిగేది జబ్బు."
ఇంత మాట తేల్చడానికి
మా ల్యాబ్‌లో ఆరు గొట్టాల నెత్తురు కావాలి.

టెన్షనర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.
ఆ తొమ్మిది రోజుల్లో ఫోను రెండుసార్లు:
"మంచు తోసే ట్రక్కు ఒకటి వచ్చింది.
బస్సులో వచ్చి ఒకసారి విని పోతావా?"
వెళ్ళాను. గరగర అన్నాను. స్టార్టర్ అన్నాడు.
ట్రక్కు యజమాని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి
టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు.

బిల్లు పెన్సిలుతో రాశాడు, తనకి వినబడిన స్పెల్లింగులో:
గాలాగాలా, ఆరు వందల పది.
కీచు, ఇరవై ఎనిమిది.
బుస్సు, వేసవిదాకా ఆగొచ్చు.

"మరి టిక్కుటిక్కు?" అన్నాను.

కాగితం వెనక్కి తీసుకుని కాసేపు చూశాడు.
తన చెవి ఒకసారి తడుముకున్నాడు.
"అది వయసు" అన్నాడు,
"దానికి నేను డబ్బు తీసుకోను."